గొయ్యి చిన్నదిగా ఉన్నప్పుడే

గోదావరి డెల్టా రోడ్ల మీద లారీ క్లీనరుగా మొదలుపెట్టి, తర్వాత స్టీరింగు పట్టి, ఆ తర్వాత భీమవరం పక్కన షెడ్డు వేసుకుని బండ్ల కింద సామాను పని చేస్తూ నా వయసంతా గడిచింది. కమాను పట్టీలు, షాకబ్జర్లు, టైరాడ్ ఎండ్లు, హబ్బులు, రిమ్ములు... నా చేతికి వచ్చిన పనిలో సగానికి పైగా గోతులు పంపిందే. ఇప్పుడు షెడ్డు మా అబ్బాయి చూసుకుంటున్నాడు. కొత్తగా కారు కొన్నవాళ్లు, ఆటో తోలుకునే కుర్రాళ్లు, స్కూటీ మీద ఉద్యోగాలకి వెళ్లే ఆడపిల్లలు వచ్చి అడిగేది ఒకటే మాట: "బాబాయ్, జాగ్రత్తగానే తోలుతున్నాం. అయినా ఏదో ఒకటి పోతూనే ఉంది, ఎందుకని?" వాళ్లకి విడివిడిగా చెబుతూ వచ్చినవి ఇక్కడ ఒక వరసలో రాస్తున్నాను.

1. గొయ్యి పెట్టేది నీరు, పెంచేది బరువు

తారుకీ నీళ్లకీ పడదు. రోడ్డంటే పైన కనిపించే నల్లటి పొర ఒక్కటే కాదు. దాని కింద కంకర, కంకర కింద గ్రావెలు, ఆ కింద మట్టి ఉంటాయి. బరువులో ఎక్కువ భాగం మోసేది ఆ కింది పొరలే. వాటిలోకి నీళ్లు దిగకుండా కాయడం తారు పొర పని. ఏళ్ల తరబడి ఎండకి తారు పెళుసెక్కి సన్న పగులు ఇస్తుంది. వానలో ఆ పగుల్లోంచి నీళ్లు దిగి, రాయికి పట్టిన తారుని వదిలిస్తాయి, కింది మట్టిని మెత్తబరుస్తాయి. పైన చక్రం నొక్కినప్పుడల్లా లోపలి నీళ్లు ఒత్తిడికి చిమ్ముకొచ్చి సన్న రాయినీ మట్టినీ పైకి తోడేస్తాయి. కింద డొల్ల పడ్డాక పై పొర కుంగి ఊడుతుంది. "నిన్న లేదు, రాత్రికి రాత్రే పడింది" అంటారు జనం. అది నెలల తరబడి లోపల తయారవుతూ వచ్చింది.

మా వైపు రోడ్లలో చాలా భాగం కాలవ గట్ల మీదే. ఒక పక్క కాలవ, రెండో పక్క చేనో చేపల చెరువో. రెండు వైపుల నుంచీ నీరు కట్టలోకి ఊరుతుంది. నల్లరేగడి నేల వానకి ఉబ్బి, ఎండకి నెర్రెలిచ్చి, పైనున్న రోడ్డుని ఏటా ఎత్తి దించుతుంది. ఆకివీడు, కైకలూరు దారిలో చేపల లారీల నుంచి ఐసు కరిగిన నీళ్లు మండు వేసవిలోనూ తారు మీద కారుతూనే ఉంటాయి. ఇక దమ్ముల రోజుల్లో కొన్ని ట్రాక్టర్లు ఇనుప కేజ్ వీల్స్ విప్పకుండానే తారు రోడ్డెక్కి ఒక చేలోంచి ఇంకో చేలోకి పోతాయి. ఆ గాట్లలో ప్రతి ఒక్కటీ నీళ్లు దిగే దారే. చక్రాలు మార్చి మళ్లీ బిగించడం ఎంత ఒళ్లు హూనం చేసే పనో నాకు తెలుసు. కానీ ఆ రైతు ధాన్యం మిల్లుకి వెళ్లాల్సింది కూడా ఆ రోడ్డు మీదే.

బరువు సంగతి చాలామందికి తెలియదు. 1958 నుంచి 1960 దాకా అమెరికాలో ఇల్లినాయి రాష్ట్రంలో పరీక్ష కోసమే రోడ్లు వేసి, వాటి మీద లారీలు అదే పనిగా తిప్పి లెక్క కట్టారు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకి జరిగే నష్టం సుమారు 16 రెట్లు ఉంటుందని తేలింది. మన దేశంలో నాలుగు టైర్ల ఒంటి ఇరుసు మీద అనుమతించే బరువుని 2018లో 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకి పెంచారు. చూడటానికి టన్నున్నర కూడా లేని తేడా. ఆ లెక్కలో వేస్తే రోడ్డు మీద పడే దెబ్బ ఒకటిన్నర రెట్లు దాటుతుంది. పరిమితిలో ఉంటేనే ఇంత. ఇసుక టిప్పర్లు, చీమకుర్తి గ్రానైటు దిమ్మెల లారీలు పరిమితి దాటి నడిస్తే ఆ దారిలో రోడ్డు ఎన్నాళ్లు నిలుస్తుందో మీరే లెక్క వేసుకోండి. పైగా ఆ గోతుల్లో మొదట విరిగేది ఆ లారీ కమాను పట్టీయే. మెయిన్ పట్టీ తెగి నా షెడ్డుకి వచ్చిన ఓనర్లకి ఈ మాట చెబుతూనే ఉన్నాను: ఎక్కువ ఎత్తిన టన్నుల కిరాయి పట్టీలకీ టైర్లకీ పోతోంది.

2. గొయ్యి ఎక్కడ ఉంటుందో చూడకముందే తెలుస్తుంది

పైన అంత పొడుగ్గా చెప్పింది అందుకే. నీరు నిలిచే చోటు, బరువు ఒత్తే చోటు గుర్తుపడితే గొయ్యి చిరునామా దొరికినట్టే. తూముకి రెండు చివర్లా మట్టి కుంగుతుంది కాబట్టి అక్కడ ఒక మెట్టు ఉంటుంది. స్పీడు బ్రేకరుకి కాస్త ముందు, బరువు బండ్లన్నీ బ్రేకు తొక్కే చోట, రోడ్డు ముడతలు పడి పగులుతుంది. బస్టాపుల దగ్గర నిలబడిన బండ్ల నుంచి డీజిలూ ఆయిలూ కారి తారుని కరిగిస్తాయి. రైలు గేటు దగ్గర పట్టాలకి ఆనుకుని, చెట్టు కొమ్మల నుంచి వాన వెలిశాక కూడా చుక్కలు పడే చోట, కుళాయి పైపు కారే సందు మొదట్లో, మురుగు పొంగే మలుపులో తప్పకుండా ఉంటుంది. పట్నాల్లో అయితే పైపుకో కేబులుకో తవ్వి పైపైన పూడ్చిన అడ్డగాడి. కొత్తగా వేసిన రోడ్డుని నెల తిరక్కుండా తవ్వడం చూస్తే నాకు ఇప్పటికీ కడుపు మండుతుంది.

రోజూ వెళ్లే దారే అయితే మొదటి వాన పడ్డాక ఒకసారి పగటిపూట నెమ్మదిగా వెళ్లి చూసుకోండి. రాత్రి అదే దారిలో వచ్చేటప్పుడు కళ్లకి కనపడకపోయినా చేతులకి తెలుస్తుంది.

3. బ్రేకు గొయ్యి ముందు, గోతిలో కాదు

గొయ్యి కనపడగానే అందరూ బ్రేకు తొక్కుతారు, అది సహజం. తొక్కిన కాలు గోతిలో దిగాక కూడా తీయరు. నష్టమంతా అక్కడే. బ్రేకు మీద ఉన్న బండి ముక్కు కిందకి వాలి ఉంటుంది. ముందు స్ప్రింగులు అప్పటికే సగం నొక్కుకుని ఉంటాయి. గొయ్యి అంచు తగిలినప్పుడు ఇంకా నొక్కుకోవడానికి జాగా ఉండదు. ఆ దెబ్బ టైరు నుంచి రిమ్ముకి, రిమ్ము నుంచి లోయర్ ఆర్ముకి, అక్కడి నుంచి బాడీకి నేరుగా వెళ్తుంది. పైగా బ్రేకు పట్టి ఆగిన చక్రం దొర్లి పైకెక్కలేక అంచుని గుద్దుకుంటుంది.

అందుకని వేగం ఎంత తగ్గించాలో అంతా గొయ్యికి ముందే తగ్గించి, అంచు దగ్గరికి వచ్చేసరికి కాలు తీసెయ్యాలి. చక్రం స్వేచ్ఛగా దొర్లుతూ దిగాలి, దొర్లుతూ ఎక్కాలి. స్టీరింగు తిన్నగా పెట్టండి. తిప్పిన చక్రం పక్క నుంచి అంచుకి తగిలితే టైరాడ్ ఎండు వంగుతుంది, అలైన్‌మెంటు పోతుంది. వేగం 60 నుంచి 30కి తగ్గితే బండిలో ఉన్న ఊపు శక్తి నాలుగో వంతుకి పడిపోతుంది. దెబ్బ తీవ్రత అంతా అందులోనే ఉంది.

ఇంకోటి. గొయ్యిని తప్పించబోయి ఎదురు బండికి అడ్డం వెళ్లొద్దు. రిమ్ము పోతే బాగుచేసుకోవచ్చు.

4. రోడ్డు మీద నిలిచిన నీళ్ల లోతు ఎవరికీ తెలియదు

అరచెయ్యి లోతు ఉంటుందనుకున్న చోట మూత లేని మ్యాన్‌హోల్ ఉండవచ్చు. ముందు బండి దాటేదాకా ఆగి, దాని చక్రం ఎంత మునిగిందో చూసి అదే జాడలో వెళ్లండి. ముందు బండి లేకపోతే రోడ్డు నడిమధ్య, మిట్టగా ఉండే చోట నడవండి. హైదరాబాదులో వానాకాలం బండి తోలే వాళ్లకి ఇది మరీ మరీ చెబుతున్నాను.

5. లారీ వెనక ఆనుకుని పోకండి

పెద్ద బండి గొయ్యిని తన రెండు చక్రాల మధ్య నుంచి వదిలేసి సాఫీగా వెళ్లిపోతుంది. వెనకే ఆనుకుని వస్తున్న మీకు అది బయటపడేసరికి మీ చక్రం అందులో ఉంటుంది. కనీసం మూడు సెకన్ల దూరం ఉంచండి, వానలో ఇంకా ఎక్కువ. దూరం ఉంటే ఆ లారీయే మీకు దారి చూపిస్తుంది. దాని వెనక చక్రం ఎక్కడ ఎగిరిందో, డ్రైవరు ఎటు జరిగాడో చూస్తే గొయ్యి ఎక్కడుందో మీకే తెలుస్తుంది.

6. రెండు చక్రాల వాళ్లు, మూడు చక్రాల వాళ్లు

కారులో ఉన్నవాడికి గొయ్యి ఖర్చు. బైకు మీద ఉన్నవాడికి ప్రాణం. 2013 నుంచి 2017 వరకు అయిదేళ్లలో గోతుల వల్ల జరిగిన ప్రమాదాల్లో 14,926 మంది చనిపోయారన్న లెక్క 2018లో సుప్రీంకోర్టు ముందుకి వచ్చింది. సరిహద్దులో చనిపోయేవాళ్ల కంటే ఇది ఎక్కువేమోనని కోర్టే ఆందోళన పడింది. ఆ తర్వాత 2022 ఒక్క ఏడాదిలో కేంద్ర రవాణా శాఖ లెక్క ప్రకారం 1,856 మంది. ఇందులో బైకుల మీద పోయినవాళ్లే ఎక్కువని వేరే చెప్పక్కర్లేదు.

చక్రం చిన్నదైతే గోతిలోకి లోతుగా దిగుతుంది. మోటారు సైకిలుకి 17, 18 అంగుళాల చక్రం ఉంటుంది. స్కూటరుకి పది, పన్నెండు అంగుళాలే. బైకు మీద మీ అన్నయ్య ఎగిరి దాటిన గొయ్యిలో స్కూటీ మీద మీరు ఇరుక్కుంటారు. అతను వెళ్లిన వేగంతో మీరు వెళ్లకండి. గొయ్యి తప్పదనుకున్నప్పుడు ముందు బ్రేకు వదిలి, మోచేతులు బిగించకుండా, మోకాళ్లు వంచి సీటు మీంచి కాస్త లేవండి. దెబ్బ కాళ్లు తీసుకుంటాయి, నడుముకీ మెడకీ పోదు.

నాకు బాగా బాధ కలిగించేది వెనక కూర్చున్న ఆడవాళ్ల సంగతి. చీర కట్టుకుని ఒక పక్కకి కూర్చుంటారు, ఒడిలో పిల్లనో సంచినో పెట్టుకుంటారు, పట్టుకోవడానికి చేతులు ఖాళీ ఉండవు. ముందు కూర్చున్నవాడికి హ్యాండిల్ పట్టు ఉంటుంది, గొయ్యి కూడా ముందే కనపడుతుంది. వెనకామెకి ఆ రెండూ లేవు. చిన్న గొయ్యికే ఎగిరి వెనక్కి పడతారు, తల నేలకి తగులుతుంది. తోలేవాడు గొయ్యి రాబోతోందని నోటితో చెప్పాలి. వెనకామెకి కూడా హెల్మెట్ ఉండాలి, వీలైతే రెండు వైపులా కాళ్లు వేసి కూర్చోవాలి. పెద్దవాళ్లు సణుగుతారని మానుకోకండి. పెద్దవాణ్నే చెబుతున్నాను.

ఆటో తోలే కుర్రాళ్లకి ఒక మాట. కారు గొయ్యిని రెండు చక్రాల మధ్యకి తీసుకుని దాటిపోవచ్చు, ఆటోకి ఆ వీలు లేదు. వెనక చక్రాలు తప్పించినా ముందు చక్రం నడిమధ్యలో ఉంది కాబట్టి అది దిగుతుంది. ముందు చక్రం దిగినప్పుడు హ్యాండిల్ తిప్పి ఉంటే బండి పక్కకి ఒరుగుతుంది. స్కూలు పిల్లల్ని ఎక్కించుకున్నప్పుడు గొయ్యి పూర్తిగా తప్పించేంత జాగా లేకపోతే ఆగి, తిన్నగా, నడిచే వేగంతో దిగి ఎక్కండి. వెనక హారన్లు కొట్టేవాళ్లు కొట్టనీయండి.

7. గాలి

టైరులో గాలి తక్కువైతే గొయ్యి అంచుకీ రిమ్ముకీ మధ్య టైరు నలిగి, లోపలి దారాలు తెగుతాయి. ఎక్కువైతే టైరు రాయిలా బిగుసుకుని దెబ్బంతా పైకి పంపుతుంది. రోడ్డు బాగోలేదని గాలి తగ్గించుకునే అలవాటు కొందరికి ఉంది, అది మంచిది కాదు. కారు డ్రైవరు తలుపు తీస్తే పక్కన చట్రం మీద ఎంత గాలి పెట్టాలో కంపెనీ అంటించిన చీటీ ఉంటుంది. ఆ అంకే పట్టించండి, టైరు చల్లగా ఉన్నప్పుడు పట్టించండి. స్టెప్నీలో కూడా చూడండి. గోతుల కాలంలో అది అక్కరకి వచ్చే రోజు ఉంటుంది.

పెద్ద రిమ్ములూ సన్నటి టైర్లూ వేయించుకోవాలని సరదా పడే అబ్బాయిలు చాలామంది ఉన్నారు. టైరు పక్క గోడ ఎత్తు తగ్గిన కొద్దీ రిమ్ముకి కాపుదల తగ్గుతుంది. మన రోడ్లకి కంపెనీ ఇచ్చిన కొలతే మేలు.

8. గట్టి దెబ్బ తగిలితే ఆగి చూడండి

ఇది అన్నిటికంటే ముఖ్యమైన పాఠం. నేను చూసిన పెద్ద ఖర్చుల్లో ఎక్కువ భాగం గొయ్యి చేసినవి కావు. గొయ్యి తర్వాత ఆగకుండా పోయిన దూరం చేసినవి.

రోడ్డు అంచున క్షేమంగా ఆపి, పార్కింగ్ లైట్లు వేసి, దిగండి. మొదట బండి కిందకి వంగి చూడండి. నేల మీద నల్లగా ఆయిలు కారుతోందా? అయితే కింద ఆయిల్ చాంబరు పగిలింది. ఇంజను మళ్లీ స్టార్టు చెయ్యొద్దు. "షెడ్డు పక్కనే కదా" అని తోలుకొస్తే ఆయిలు లేని ఇంజను కొన్ని నిమిషాల్లో పట్టేస్తుంది. చాంబరు ఖర్చు వేలల్లో పోయేది, ఇంజను ఖర్చు లక్ష దాటుతుంది. తోయించుకునో, కట్టి లాగించుకునో రండి. డాష్‌బోర్డు మీద ఎర్రటి ఆయిలు దీపం వెలిగినా అదే పద్ధతి. బ్యాటరీ కార్లకి బ్యాటరీ అడుగునే ఉంటుంది కాబట్టి కింద గట్టిగా రాసుకుంటే కంపెనీ వాళ్లకి చూపించకుండా చార్జింగు పెట్టకండి.

తర్వాత టైర్ల పక్క గోడల్ని చేత్తో తడమండి, లోపలి వైపు కూడా. నిమ్మకాయంత బుడిపె తగిలితే లోపల దారాలు తెగాయని, గాలి పైనున్న రబ్బరు మీదే నిలిచి ఉందని అర్థం. దానికి ప్యాచి లేదు, రిపేరు లేదు. ఎంత కొత్త టైరైనా మార్చాల్సిందే. ఆ టైరుతో 165 నంబరు హైవే మీదో 16 మీదో వేగంగా పోతే పేలుతుంది. కొత్త టైరు పారేయాలంటే మనసు ఒప్పదు, నాకు తెలుసు. ఎంతో మంది "ఇంకో నెల చూద్దాం బాబాయ్" అన్నారు. నేను ఒక్కరికీ ఒప్పుకోలేదు.

రిమ్ము అంచు వంగిందేమో చూడండి. ట్యూబులెస్ టైర్లకి ఆ వంపులోంచి గాలి రాత్రంతా సన్నగా పోతుంది. పంచరు వేసేవాడు మేకు కోసం వెతుకుతాడు, దొరకదు. రిమ్ము అంచు చుట్టూ సబ్బు నీళ్లు పోస్తే బుడగలు చెప్పేస్తాయి. ఇనుప రిమ్ము వంపు తీయవచ్చు. అల్లాయ్ రిమ్ము పగిలితే వెల్డింగు పెట్టి నడిపే షాపులు ఉన్నాయి. నా ఇంట్లో పిల్లలు ఎక్కే బండికి నేను పెట్టను.

9. చప్పుడు వినండి

బండి ముందే చెబుతుంది. పాటలు ఆపి, అద్దాలు దించి, గోడ పక్కన నెమ్మదిగా ఒకసారి నడపండి. గోడకి తగిలి చప్పుడు తిరిగి వస్తుంది.

చిన్న చిన్న ఎత్తుపల్లాలకే "టక్ టక్" అంటే స్టెబిలైజర్ లింకు రాడ్డో బుష్షో. గోతిలో దిగినప్పుడు లోపల్నుంచి "దబ్" అంటే షాకబ్జరు పైన ఉండే మౌంటో, లోయర్ ఆర్ము బుష్షో. వేగంతో పాటు పెరిగే "ఊం" అనే మూలుగు హబ్బు బేరింగుది. ఎనభై దగ్గర స్టీరింగు వణికితే బ్యాలెన్సింగో, వంగిన రిమ్మో. చెయ్యి వదిలితే బండి ఒక పక్కకి లాగితే అలైన్‌మెంటు. షాకబ్జరు చూడాలంటే బండి మూలని రెండు చేతులతో గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి లేచి నిలబడితే బాగున్నట్టు, రెండు మూడు సార్లు ఊగితే అయిపోయినట్టు. దాని ఒంటి మీద ఆయిలు తడి ఉన్నా అంతే.

మోటారు సైకిలుకి ముందు ఫోర్కు మీద ఆయిలు మరక వస్తే సీళ్లు పోయాయి. ఆ ఆయిలు డిస్కు మీద పడితే బ్రేకు పట్టదు, వెంటనే చూపించండి. సెంటరు స్టాండు వేసి ముందు చక్రం ఎత్తి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పితే మధ్యలో ఒక చోట గాడిలో పడ్డట్టు ఆగిందంటే కోన్‌సెట్టు మార్చాలి. స్పోకుల చక్రమైతే స్పోకుల్ని ఒక్కొక్కటిగా స్పానరుతో మీటండి, వదులుగా ఉన్నది శబ్దంలోనే తేలిపోతుంది. లారీల వాళ్లకి చెప్పేది ఒకటే: యూ బోల్టులు బిగువు చూసుకోండి. అవి వదులైతే సెంటరు బోల్టు తెగుతుంది. అది తెగితే ఇరుసు వెనక్కి జరిగి బండి పక్కవాటుగా నడుస్తుంది.

10. పని చేయించడంలోనూ ఒక వరస ఉంది

ముందు వంగినవీ అరిగినవీ మార్చాలి, ఆ తర్వాతే అలైన్‌మెంటు. బుష్షులు వదులుగా ఉండగా అలైన్‌మెంటు చేయిస్తే మిషను మీద అంకెలు బాగానే వస్తాయి. రోడ్డెక్కిన వారానికి టైరు లోపలి అంచు మళ్లీ కోసేస్తుంది. షాకబ్జర్లు జతగా మార్చండి. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది ఉంటే బ్రేకులో బండి తిన్నగా నిలవదు. తీసేసిన పాత సామాను అడిగి చూడండి. నిజాయితీగా పని చేసేవాడు అడగకముందే చూపిస్తాడు.

ఖర్చు గురించి బాధ పడేవాళ్లకి నేను చెప్పే లెక్క ఇది. వందల్లో పోయే లింకు రాడ్డు చప్పుడుని ఏడాది పాటు వదిలేస్తే బుష్షులు పోతాయి, తర్వాత టైర్లు పోతాయి. నాలుగు టైర్లు కొనే రోజున లింకు రాడ్డు ధర గుర్తొస్తుంది.

11. ఇన్సూరెన్సు కాగితం చదువుకోండి

థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే గోతిలో మీ బండికి తగిలిన దెబ్బకి పైసా రాదు. సొంత బండి నష్టానికి కూడా కట్టి ఉండాలి. అది ఉన్నా మూడు సంగతులు తెలుసుకోండి. మామూలు పాలసీలో టైరు ఒక్కటే పోతే ఇవ్వరు. టైరుతో పాటు బండికి కూడా నష్టం జరిగితే టైరు ధరలో సగం ఇస్తారు. రెండోది, అరుగుదలకి ఇవ్వరు కాబట్టి "ఎప్పటి నుంచో చప్పుడు వస్తోంది" అన్న బండిని పట్టుకెళ్తే లాభం లేదు. దెబ్బ తగిలిన రోజే గొయ్యినీ, బండినీ, కింద కారిన ఆయిలునీ ఫోటోలు తీసి కంపెనీకి చెప్పాలి. మూడోది, చాంబరు పగిలాక తోలి ఇంజను పట్టేయించుకుంటే చాంబరుకి ఇచ్చి ఇంజనుకి ఇవ్వననే హక్కు కంపెనీకి ఉంది. ఇంజనుకి వేరే యాడ్-ఆన్ కడితే కొంత కాపుదల ఉంటుంది, కొనేటప్పుడే అడగండి.

క్లెయిము లేని ఏడాదికి నో క్లెయిమ్ బోనస్ 20 శాతంతో మొదలై అయిదేళ్లకి 50 శాతం దాకా వెళ్తుంది. చిన్న రిపేరుకి క్లెయిము పెడితే అది పోతుంది. రెండూ లెక్క వేసుకుని నిర్ణయించుకోండి.

12. రోడ్డు ఎవరిదో కనుక్కుని అడగండి

"ప్రభుత్వం పట్టించుకోదు" అని వదిలెయ్యడం నాకు నచ్చదు. ప్రతి రోడ్డుకీ ఒక యజమాని ఉంటాడు. జాతీయ రహదారి అయితే 1033కి ఫోను చేయవచ్చు. రాష్ట్ర రహదారీ జిల్లా రోడ్డూ ఆర్ అండ్ బీవి, ఊరి రోడ్డు పంచాయతీరాజ్‌ది, పట్నంలోది మునిసిపాలిటీది. తప్పు చోట ఇచ్చిన ఫిర్యాదు బల్లల మీద తిరుగుతూ ఉంటుంది.

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన కింద వేసిన రోడ్డు మొదట్లో ఒక బోర్డు ఉంటుంది. కాంట్రాక్టరు పేరు, ఖర్చు, పూర్తయిన తేదీ రాసి ఉంటాయి. ఆ రోడ్లకి అయిదేళ్ల పాటు మరమ్మతు బాధ్యత వేసిన కాంట్రాక్టరుదే. మిగతా రోడ్లకి కూడా గడువు ఇంత అని ఒప్పందంలో ఉంటుంది. ఎప్పుడు వేశారు, గడువు ఎప్పటి దాకా, ప్యాచి పనికి ఎంత బిల్లు పెట్టారు అని సమాచార హక్కు కింద అడగండి. 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి. ఊళ్లో చదువుకున్న పిల్లలు చేయగల పని ఇది.

2019లో మోటారు వాహనాల చట్టంలో 198ఎ అనే సెక్షను చేర్చారు. రోడ్డు సరిగా వేయకపోవడం వల్లో, చూసుకోకపోవడం వల్లో మనిషి చనిపోయినా వికలాంగుడైనా బాధ్యులైన అధికారికి, కాంట్రాక్టరుకి లక్ష రూపాయల దాకా జరిమానా. ఆ జరిమానా కూడా ప్రభుత్వ నిధికి పోతుంది, ఇంటివాళ్లకి రాదు. ప్రాణానికి లక్ష ఏమిటని అడగాల్సిందే. బొంబాయి హైకోర్టు 2025 అక్టోబరులో గొయ్యి వల్ల చనిపోతే కుటుంబానికి 6 లక్షలు, గాయాలకి 50 వేల నుంచి రెండున్నర లక్షల దాకా ఇవ్వాలని ఆదేశించింది. మన రెండు రాష్ట్రాల్లోనూ అలాంటి ఏర్పాటు రావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 నవంబరులో గుంతలు లేని రోడ్ల కార్యక్రమం మొదలుపెట్టినప్పుడు నేను సంతోషించాను. ఒకసారి పూడ్చడంతో ఆగకుండా పక్క కాలవలు తవ్వించి నీళ్లు పోయే దారి చూపిస్తేనే ఆ డబ్బు నిలుస్తుంది.

13. పూడ్చేటప్పుడు

రైల్వేలో పని చేసి రిటైరై హైదరాబాదు వచ్చిన కాట్నం గంగాధర తిలక్ గారు, భార్య వేంకటేశ్వరి గారు పింఛను డబ్బు పెట్టి ఏళ్లుగా గోతులు పూడుస్తున్నారు. ముంబైలో దాదారావు బిల్హోరే అనే కూరగాయల వ్యాపారి 2015లో కొడుకుని గొయ్యి వల్ల పోగొట్టుకుని, అప్పటి నుంచి కనపడిన గొయ్యినల్లా పూడుస్తున్నారు. వీళ్లకి చేతులెత్తి దణ్ణం పెట్టాలి. మా ఊరి కుర్రాళ్లు కూడా అప్పుడప్పుడు పార పట్టుకుంటారు. వాళ్లకి చెప్పేది ఏమిటంటే, మట్టీ ఇటుక ముక్కలూ పోస్తే ఒక్క వానకి బురదై పోతాయి. ఎండిన ముక్కలు లారీ చక్రం కింద నుంచి ఎగిరి వెనక వాళ్ల ముఖాన తగులుతాయి. కూల్చిన ఇంటి శిథిలాల్లో మేకులూ ఇనుప ముక్కలూ ఉంటాయి.

పద్ధతి ఇది. గొయ్యి చుట్టూ వదులైన తారు అంతా గట్టి రోడ్డు తగిలేదాకా తీసెయ్యాలి. అంచులు నిలువుగా, చదరంగా కొట్టాలి. పల్చగా వాలిన అంచు నిలవదు. నీళ్లు తోడి, దుమ్ము ఊడ్చి, అడుగుకీ అంచులకీ పల్చటి తారు పూయాలి. లోతు ఎక్కువైతే ఒక్కసారే నింపకుండా పొరలు పొరలుగా వేసి ప్రతి పొరనీ దిమ్మిస కొట్టాలి. పైపొర రోడ్డు కంటే కాస్త ఎత్తుగా ఉండాలి, తర్వాత చక్రాలకి అణుగుతుంది. వేడి మిక్సు దొరికితే అది చల్లారకముందే అణిచెయ్యాలి. వానలో అయితే బస్తాల్లో వచ్చే కోల్డ్ మిక్సు వాడవచ్చు. తారు దొరకని ఊళ్లో కనీసం కంకరా, గ్రావెలూ తడిపి గట్టిగా దిమ్మిస కొడితే మట్టి కంటే ఎంతో నయం.

పని చేసేటప్పుడు రెండు వైపులా మనుషుల్ని ఎర్ర గుడ్డలతో దూరంగా నిలబెట్టండి, పొద్దుగూకాక మొదలుపెట్టకండి. గొయ్యి గుర్తుకని చుట్టూ రాళ్లూ చెట్టు కొమ్మలూ పెడతారు కదా, పని అయ్యాక వాటిని తీసి మార్జిను అవతల పడేసి రండి. పూడ్చిన గొయ్యి పక్కన చీకట్లో మిగిలిపోయిన రాయికి తగిలి పడ్డ బండి నా షెడ్డుకి వచ్చింది, తోలినతను ఆసుపత్రికి వెళ్లాడు.